పట్టాలు ఒకరివి, బండి మరొకరిది

(భీమవరంలో ఒక గ్రంథాలయ సభలో విశ్రాంత రైల్వే సెక్షన్ కంట్రోలర్ చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు, మిత్రులకు, కాలేజీ నుంచి వచ్చిన పిల్లలకు నమస్కారం.

రైళ్లను ప్రైవేటుకిస్తే మంచిదా, చెడ్డదా చెప్పమని నిర్వాహకులు అడిగారు. దానికంటే ముందు తేల్చుకోవాల్సిన ప్రశ్న ఒకటుంది. పట్టాలు, వాటి మీద తిరిగే బండి ఒకే చేతిలో ఉండాలా, వేరువేరు చేతుల్లో ఉన్నా పరవాలేదా? ప్రపంచంలో రైల్వేల గురించి గత నలభై ఏళ్లుగా జరుగుతున్న గొడవంతా దీని చుట్టూనే తిరుగుతోంది.

మన డెల్టావాళ్లకు ఇది అర్థం కాని సంగతేం కాదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక తవ్విన కాలువలు పొలాలకు నీళ్లివ్వడంతో పాటు పడవలనూ మోశాయి. కాటన్ దొరకైతే రైళ్ల కంటే కాలువలే ఈ దేశానికి చవకని గట్టి నమ్మకం. కాలువ సర్కారుది, లాకులు సర్కారువి. పడవ మాత్రం ఎవరిది వాళ్లదే. రుసుం కట్టి, లాకు దగ్గర వంతు వచ్చేదాకా ఆగి, ధాన్యమో కొబ్బరికాయలో వేసుకుని వెళ్లిపోయేవాళ్లు. దారి ఒకరిది, బండి ఇంకొకరిది అన్న పద్ధతి అక్కడ చక్కగా నడిచింది.

ఎందుకు నడిచింది? ఎదురుగా పడవ వస్తే సరంగు కాస్త పక్కకు తిప్పుకుంటాడు. పని పడితే గట్టుకు కట్టేసుకుంటాడు. వెనకాల వచ్చేవాడు దాటుకుని పోతాడు. రైలుకు ఆ వీలు లేదు. దానికి పక్కకు తిరగడం తెలియదు. నిండు గూడ్సుకు బ్రేకు వేస్తే కిలోమీటరు దూరం పోయి ఆగుతుంది. అది ఎక్కడ ఆగాలో, ఎవరికి దారివ్వాలో డ్రైవరు చేతిలో ఉండదు. ఇంకెవరో ముందే నిర్ణయించి పెట్టాలి.

ఆ ఇంకెవరో పని నేను విజయవాడ కంట్రోల్ ఆఫీసులో చేశాను కాబట్టి, అది ఎలా ఉంటుందో కొంచెం దగ్గరగా చూపిస్తాను.

బల్ల మీద ఒక పెద్ద చార్టు. అడ్డంగా గంటలు, నిమిషాలు. నిలువుగా స్టేషన్ల పేర్లు: రాజమండ్రి, కొవ్వూరు, చాగల్లు, నిడదవోలు, నవాబుపాలెం, తాడేపల్లిగూడెం, అలా ఏలూరు మీదుగా కిందికి. స్టేషన్ మాస్టరు ఫోన్లో ఫలానా బండి ఫలానా టైముకు పాసయిందని చెబుతాడు. నేను చుక్క పెడతాను. చుక్కలు కలిపితే గీత. విజయవాడ వైపు పోయే బండి గీత ఒక వాలు, విశాఖ వైపు పోయేది దానికి ఎదురువాలు. ఎక్స్‌ప్రెస్ గీత నిటారుగా ఉంటుంది, గూడ్సు గీత వాలిపోయి ఉంటుంది. ఒకే లైను మీద నిటారు గీత వెనకనుంచి వచ్చి వాలు గీతను ఎక్కడ తాకుతుందో, దానికి ముందున్న స్టేషన్‌లో గూడ్సును లూప్ లైనులో, అంటే మెయిన్ లైను పక్కన ఉండే పట్టాల మీద పెట్టి ఎక్స్‌ప్రెస్‌ను వదలాలి. ఇప్పుడు చార్టు కంప్యూటర్లోకి వెళ్లింది, రంగు పెన్సిళ్లు పోయాయి. ఆలోచన మాత్రం అదే.

ఇక్కడ జనం తరచుగా తిట్టుకునే విషయం ఒకటి చెప్పాలి. "మా ప్యాసింజర్‌ను ఆపి గూడ్సును వదిలారు" అంటారు. పుస్తకం ప్రకారం ప్యాసింజర్‌దే ముందు వరుస. కానీ గూడ్సు ఏడు వందల మీటర్ల పొడవుంటుంది. అది పట్టే లూపు ముందు స్టేషన్‌లో ఖాళీగా లేకపోతే? ఆ గూడ్సు డ్రైవరు డ్యూటీ గంటలు అయిపోవస్తుంటే? అక్కడ ఆపితే దిగిపోతాడు, బండి లైను మీదే ఉండిపోతుంది, వెనక నాలుగు బండ్లు నిలబడతాయి. అందుకని ప్యాసింజర్‌ను పది నిమిషాలు ఆపుతాం. ఆ పది నిమిషాలు మీకు కోపం తెప్పిస్తాయి, న్యాయమే. కానీ ఆ నిర్ణయం తీసుకున్నవాడు గూడ్సు కంపెనీ మనిషీ కాదు, ప్యాసింజర్ కంపెనీ మనిషీ కాదు. రెంటి కష్టమూ చూడాల్సిన మనిషి. నేను చెప్పదలచుకున్నది ఈ కుర్చీ గురించే. ఏ దేశంలోనైనా, ఏ పద్ధతిలోనైనా, ఈ కుర్చీలో ఎవరు కూర్చుంటారు, ఆయన ఎవరికి జవాబుదారీ అన్నదాన్ని బట్టే రైల్వే బాగోగులుంటాయి.

ఇప్పుడు మన లైను చరిత్ర. బెజవాడ నుంచి కటక్ దాకా కోస్తా లైనును 1893–96 మధ్య ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే పేరుతో ప్రభుత్వమే వేసింది. అప్పటికి గోదావరి మీద వంతెన లేదు. హేవ్‌లాక్ వంతెన పని 1897లో మొదలై 1900లో బండ్లు నడిచాయి. ఆ మరుసటి ఏడాదే, 1901లో, వాల్తేరుకు దక్షిణాన ఉన్న భాగం మద్రాస్ రైల్వే చేతికి వెళ్లింది. 1908లో మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే వచ్చింది. చూడండి, పట్టాలు ప్రభుత్వానివి, నడిపేది కంపెనీ, ఆ కంపెనీ డైరెక్టర్లు లండన్‌లో. రాజమండ్రి ప్లాట్‌ఫారం మీద నిలబడ్డ థర్డ్ క్లాసు ప్రయాణికుడి ఇబ్బంది లండన్ బోర్డు గదికి ఏం వినపడుతుంది? దేశమంతా ఇలాంటి ఫిర్యాదులే. 1920లో ఆక్‌వర్త్ కమిటీని వేశారు. ప్రభుత్వమే నేరుగా నడపాలని ఆ కమిటీ అధ్యక్షుడు గట్టిగా సిఫారసు చేశాడు. 1924లో రైల్వే లెక్కల్ని సాధారణ బడ్జెట్ నుంచి విడదీసింది కూడా ఆ కమిటీ మాట మీదే. ఆ విడి బడ్జెట్ 2017 దాకా నడిచింది. మన లైను నడిపే కంపెనీ ఒప్పందం 1944లో ముగిసింది. 1951లో దక్షిణ రైల్వే, 1966 అక్టోబరు 2 నుంచి సికింద్రాబాద్ కేంద్రంగా దక్షిణ మధ్య రైల్వే.

కాబట్టి పట్టాలు ఒకరివి, నడిపేది మరొకరు అన్న ప్రయోగం కొత్తగా విదేశాల నుంచి వస్తున్నదేమీ కాదు. మన తాతల కాలంలో మన గోదావరి ఒడ్డునే జరిగింది.

ఇప్పుడున్న ఏర్పాటు చెబుతాను. పైన ఢిల్లీలో రైల్వే బోర్డు, 1905 నాటిది. దాని కింద జోన్లు, ఒక్కో జోన్‌కు జనరల్ మేనేజర్. జోన్ కింద డివిజన్లు, దేశం మొత్తం మీద దాదాపు డెబ్బై. డివిజన్‌కు డీఆర్ఎం, అంటే డివిజనల్ రైల్వే మేనేజర్. మనది విజయవాడ డివిజన్, ఇటు దువ్వాడ దగ్గర నుంచి అటు గూడూరు దాకా. ఇది అడ్డ విభజన. దీన్ని కోసుకుంటూ నిలువు విభజన ఒకటుంది, అవే శాఖలు.

గోదావరి ఎక్స్‌ప్రెస్‌నే తీసుకోండి. ఇంజిన్ నడిపే లోకో పైలట్ ఎలక్ట్రికల్ వాళ్ల కింద. వెనక ఉండే గార్డు, 2022 నుంచి ఆయన్ని ట్రైన్ మేనేజర్ అంటున్నారు, ఆపరేటింగ్ శాఖ మనిషి. టీటీఈ కమర్షియల్. చక్రాలు, బ్రేకులు మెకానికల్. పట్టాలు ఇంజినీరింగ్. సిగ్నళ్లు సిగ్నల్ అండ్ టెలికాం. పైన కరెంటు తీగ మళ్లీ ఎలక్ట్రికల్. నెట్‌లో టికెట్టు అమ్మేది ఐఆర్‌సీటీసీ, 1999లో పుట్టిన రైల్వే శాఖ కంపెనీ. స్టేషన్‌లో కనిపించే పోలీసుల్లోనూ రెండు రకాలు. రైల్వే ఆస్తిని కాపాడే ఆర్పీఎఫ్ కేంద్రానిది. మీ సూట్‌కేసు పోతే కేసు రాసుకునే జీఆర్పీ రాష్ట్ర పోలీసులే. చాలామంది టీటీఈని పట్టుకుని "ఏసీ పనిచేయట్లేదు, బాత్రూంలో నీళ్లు లేవు, పర్సు పోయింది" అని ఊపిరాడకుండా అడుగుతారు. ఆయన ఫోన్ చేసి చెప్పగలడు, అంతే. ఆ మూడూ మూడు వేర్వేరు చోట్లకు పోతాయి.

శాఖల గోడలు అధికారుల ప్రమోషన్లలో కూడా కనబడేవి. మెకానికల్ వాళ్లు ఒక వైపు, ఎలక్ట్రికల్ వాళ్లు ఇంకో వైపు. ఎనిమిది సర్వీసుల్ని కలిపి ఒకే సర్వీసు చేయాలని 2019 డిసెంబరులో కేంద్ర క్యాబినెట్ నిర్ణయించింది కూడా ఈ గోడలు చూసి విసిగిపోయే. అనుభవం ఉన్న ఇంజినీర్ల అవసరం అలాగే ఉంది కాబట్టి ఆ కలయిక అంత తేలిగ్గా సాగే పని కాదని నా అభిప్రాయం.

ఇక బ్రిటన్ కథ. ఇది వివరంగా చెప్పాలి, ఎందుకంటే పట్టాలనూ బండినీ వాళ్లు విడదీసినంత పూర్తిగా ఇంకెవరూ విడదీయలేదు. 1993 చట్టంతో బ్రిటిష్ రైల్‌ను ముక్కలు చేశారు. పట్టాలు, సిగ్నళ్లు రైల్‌ట్రాక్ అనే కంపెనీకి. బండ్లు నడపడం ప్రాంతాలవారీగా వేలంలో గెలిచిన కంపెనీలకు. మరి పెట్టెలు, ఇంజిన్లు? అవీ నడిపే కంపెనీలవి కావు. వేరే మూడు కంపెనీలు వాటిని కొనుక్కుని అద్దెకిచ్చేవి. పట్టాల మరమ్మతు పని మళ్లీ కాంట్రాక్టర్లకు.

ఇన్ని చేతులు ఉంటే ఆలస్యానికి బాధ్యులెవరు? మూడు నిమిషాలో అంతకు మించో ఆలస్యమైతే అది ఎవరి ఖాతాలో వేయాలో తేల్చడానికి ప్రత్యేకంగా ఉద్యోగులను పెట్టుకున్నారు. ఎవరి తప్పయితే వాళ్లు ఎదుటివాళ్లకు డబ్బు కట్టాలి. దీనివల్ల లెక్క తేలుతుంది, అది మంచిదే. కానీ తెలివిగల మనుషులు బండిని టైముకు పంపడం మీద పెట్టాల్సిన బుర్రను తప్పు ఎదుటివాడి మీద వేయడం మీద పెట్టారు.

2000 అక్టోబరు 17న హాట్‌ఫీల్డ్ దగ్గర ఒక రైలు కింద పట్టా ముక్కలుముక్కలుగా విరిగిపోయింది. నలుగురు చనిపోయారు. ఆ పట్టాలో పగుళ్లున్న సంగతి ముందే తెలుసు. మార్చడానికి తెప్పించిన కొత్త పట్టా నెలల తరబడి లైను పక్కనే పడి ఉంది. రైల్‌ట్రాక్‌కు ఆస్తి ఉంది కానీ ఆ ఆస్తి పరిస్థితి ఎలా ఉందో పూర్తిగా తెలిసిన మనుషులు లేరు, ఆ తెలివిడి కాంట్రాక్టర్ల దగ్గర చెదిరిపోయింది. ఇలాంటి పగుళ్లు ఇంకెక్కడున్నాయో తెలియక దేశమంతటా వెయ్యికి పైగా చోట్ల స్పీడు తగ్గించేశారు. ఏడాది తిరిగేసరికి రైల్‌ట్రాక్ దివాలా తీసింది. 2002లో లాభాపేక్ష లేని నెట్‌వర్క్ రైల్ అనే సంస్థ చేతికి పట్టాలు వెళ్లాయి, 2014లో ఆ సంస్థను ప్రభుత్వ రంగంలో చేర్చారు. బండ్లు మాత్రం కంపెనీలవే. 2018 మేలో కొత్త టైంటేబుల్ పెట్టారు. విద్యుదీకరణ పనులు అనుకున్న టైముకు అవ్వలేదు, డ్రైవర్లకు కొత్త దారుల శిక్షణ పూర్తవ్వలేదు. రోజుకు వందల బండ్లు రద్దయ్యాయి. ఆ టైంటేబుల్‌ను ఆపమని చెప్పగల ఒక్క మనిషి ఆ ఏర్పాటులో లేడని తర్వాత తేలింది. నేను చెప్పిన కుర్చీ అక్కడ ఖాళీగా ఉందన్నమాట. 2024లో చట్టం చేసి ఒప్పందాలు ముగిసిన కొద్దీ కంపెనీలను వెనక్కి తీసుకోవడం మొదలుపెట్టారు. 2025 మే నెలలో మొదటిది వచ్చింది. పట్టాలు, బండ్లు రెంటినీ చూసే ఒకే సంస్థను కడుతున్నారు.

జపాన్ వేరే దారి పట్టింది. 1987లో వాళ్లూ ముక్కలు చేశారు కానీ ప్రాంతాలవారీగా చేశారు. ఆరు ప్యాసింజర్ కంపెనీలు, తమ ప్రాంతంలో పట్టాలు, బండ్లు రెండూ వాళ్లవే. గూడ్సు కంపెనీ ఒక్కటే వాళ్ల పట్టాల మీద అద్దె కట్టి నడుస్తుంది. జనం కిక్కిరిసిన ప్రాంతాల కంపెనీలు బాగుపడ్డాయి. జనం పల్చగా ఉన్న హొక్కైడో, షికోకు ఈరోజుకీ అవస్థ పడుతున్నాయి.

ఇది విని, అయితే ఒకే కప్పు కింద ఉన్న మనది భేషని అనుకుంటే పొరపాటు. 2023 జూన్ 2 గుర్తుందిగా. బాలాసోర్ దగ్గర బహనాగా బజార్. మన రాజమండ్రి, ఏలూరు మీదుగా చెన్నై వెళ్లే కోరమండల్ ఎక్స్‌ప్రెస్. మెయిన్ లైనుకు గ్రీన్ సిగ్నల్, బండిని ఒక లైను నుంచి ఇంకో లైనుకు మళ్లించే పాయింట్లు మాత్రం లూపు వైపు. లూపులో ఇనుప ఖనిజం గూడ్సు నిలబడి ఉంది. 290 మందికి పైగా చనిపోయారు. పట్టాలు, బండి, సిగ్నలు, డ్రైవరు, స్టేషన్ మాస్టరు, అందరూ ఒకే రైల్వే. అయినా జరిగింది.

రైల్వే సేఫ్టీ కమిషనర్ నివేదిక ఏం చెప్పింది? 2018లో సిగ్నల్ వైరింగ్ మార్చారు, ఆ మార్పు నక్షాలోకి సరిగా ఎక్కలేదు. ప్రమాదం రోజు లెవెల్ క్రాసింగ్ గేటు పని చేస్తూ ఆ తప్పు నక్షాను నమ్మారు. పాయింట్లు అంతకుముందు కూడా వింతగా ప్రవర్తించాయి, స్టేషన్ వాళ్లు ఆ సంగతి సిగ్నల్ శాఖకు చెప్పి ఉంటే సరిచేసే వీలుండేదని కూడా రాశారు. అదే డివిజన్‌లో అంతకు ఏడాది ముందు ఇలాంటి వైరింగ్ తప్పే ఇంకో చోట జరిగిందని కూడా రాశారు. అంటే రెండు కంపెనీల మధ్య గోడ ఎంత ప్రమాదమో, ఒకే ఇంట్లో రెండు శాఖల మధ్య గోడా అంతే ప్రమాదం. ఈ కమిషనర్ రైల్వే శాఖ కింద ఉండరు, పౌర విమానయాన శాఖ కింద ఉంటారు. తప్పు చేసినవాళ్లే తీర్పు చెప్పకూడదని 1941లోనే విడదీశారు. మన రైల్వే ఏర్పాటులో నాకు అన్నిటికంటే నచ్చే నిర్ణయం ఇది.

ప్రైవేటు సంగతికి వస్తాను, క్లుప్తంగా. మన దగ్గరా కొంత విడదీత ఉంది. 2006 నుంచి కంటైనర్ బండ్లు ప్రైవేటువాళ్లు నడుపుతున్నారు, వ్యాగన్లు వాళ్లవి, ఇంజిను, డ్రైవరు రైల్వేవి. సరుకు రవాణాకే కట్టిన తూర్పు, పశ్చిమ కారిడార్ల పట్టాలు ఒక ప్రత్యేక సంస్థవి, రైల్వే అద్దె కట్టి బండ్లు నడుపుతుంది. 2020లో 109 రూట్లలో 151 ప్రైవేటు ప్యాసింజర్ రైళ్లన్నారు. చివరికి ముందుకొచ్చింది ఇద్దరే, వాళ్లలో ఒకరు ఐఆర్‌సీటీసీ. ఎందుకు రాలేదు? పట్టాల యజమాని రైల్వే, పోటీ బండి నడిపేదీ రైల్వే, నా బండిని లూపులో పెట్టి నీ బండిని వదిలావని తగవొస్తే తీర్చే మూడో మనిషి లేడు. ఆ కుర్చీ లేకుండా డబ్బు పెట్టడానికి వ్యాపారి ఎందుకు వస్తాడు? మన డెల్టా వైపు నుంచి నాకు ఇంకో భయం ఉంది. టికెట్టు మీద అచ్చు వేసి ఉంటుంది చూడండి, ప్రయాణ ఖర్చులో సగటున 57 శాతమే టికెట్టు ద్వారా వస్తుందని. మిగతాది ఎక్కువగా గూడ్సు మోస్తుంది. కాకినాడ పోర్టు సరుకు, తాడేపల్లిగూడెం వైపు బియ్యం గూడ్సులు, ఇవి మోసే ఆదాయం మీదే నరసాపురం ప్యాసింజర్ తిరుగుతోంది. లాభం వచ్చే బండ్లు ఒకరికి, నష్టం వచ్చే బండ్లు రైల్వేకు అని పంచితే, ముందు ఆగేది అత్తిలిలో, ఆకివీడులో ఆగే బండి. ఇది నా గట్టి అభిప్రాయం. మీరు ఒప్పుకోకపోవచ్చు.

విశాఖ కేంద్రంగా 2019లో ప్రకటించిన దక్షిణ కోస్తా జోన్ గురించి ఇందాక టీ దగ్గర అడిగారు. మన విజయవాడ డివిజన్ అందులోకే. జోన్ కార్యాలయం దగ్గరవడం వల్ల టైంటేబుల్ ప్రతిపాదనలు, అదనపు పెట్టెలు, హాల్టుల విషయంలో మన మాట వినే చెవి దగ్గరవుతుంది. కంట్రోల్లో కూర్చుని గీతలు గీసేది మాత్రం విజయవాడే.

కాబట్టి ఏది ఎవర్ని అడగాలో తెలుసుకోవాలి. ప్లాట్‌ఫారం లైట్లు, నీళ్లు, ఫుట్‌బ్రిడ్జి అయితే డీఆర్ఎం. కొత్త హాల్టు, బండి టైము మార్పు అయితే జోన్ ప్రతిపాదించాలి, బోర్డు ఒప్పుకోవాలి. డివిజన్‌కూ జోన్‌కూ ప్రయాణికుల సలహా కమిటీలున్నాయి, వాటిలో మన ప్రాంతం నుంచి ఎవరున్నారో కనుక్కుని వాళ్ల చేత అడిగించండి. ఆ సమావేశాల్లో రాతపూర్వకంగా అడిగిన దానికి రాతపూర్వకంగా జవాబు వస్తుంది.

చివరగా కోనసీమవాళ్ల సంగతి. కాకినాడ–కోటిపల్లి లైను రెండో ప్రపంచ యుద్ధ కాలంలో పీకేశారు, 2004లో మళ్లీ వచ్చింది. దాన్ని అమలాపురం మీదుగా నరసాపురం దాకా కలపాలని, బాలయోగి గారు లోక్‌సభ స్పీకర్‌గా ఉన్నప్పుడు, 2000లో శంకుస్థాపన జరిగింది. 57 కిలోమీటర్లు, దారిలో గౌతమి, వైనతేయ, వశిష్ఠ మూడూ దాటాలి. ఖర్చులో నాలుగో వంతు రాష్ట్రం పెట్టుకోవాలన్నది ఒప్పందం. కేంద్రాన్ని అడిగితే రాష్ట్రం వాటా అంటారు, రాష్ట్రాన్ని అడిగితే కేంద్రం కేటాయింపు అంటారు. చాలామంది విజయవాడ డీఆర్ఎంకు వినతిపత్రాలు ఇస్తారు. కొత్త లైను కట్టేది ఆయన కాదండీ, జోన్‌లోని కన్‌స్ట్రక్షన్ విభాగం. దానికో చీఫ్ అడ్మినిస్ట్రేటివ్ ఆఫీసర్ ఉంటారు. బడ్జెట్ తర్వాత పింక్ బుక్ అని పనులవారీ కేటాయింపుల పుస్తకం వస్తుంది, రైల్వే వెబ్‌సైట్లో ఎవరైనా చూడొచ్చు. అందులో కోటిపల్లి–నరసాపురం వరుస తీసి, ఈ ఏడాది ఎంత వేశారు, పోయినేడు ఎంత వేశారు, అందులో ఎంత ఖర్చయింది అన్న మూడు అంకెలు రాసుకోండి. రాష్ట్రం తన వాటా ఎంత జమ చేసిందో సమాచార హక్కు కింద అడగండి. ఆ అంకెలు పట్టుకుని కన్‌స్ట్రక్షన్ ఆఫీసుకు, ఎంపీ గారి దగ్గరకు, కలెక్టర్ దగ్గరకు ఒకే వారంలో వెళ్లండి. దరఖాస్తు ఎలా రాయాలో ఇప్పుడే కూర్చుని చూద్దాం, కాగితాలు తెచ్చాను.